కదలనన్న కారు

కారు కొనేటప్పుడు సలహాలు చెప్పేవారికి కొదవ లేదు. రంగు మొదలు రాహుకాలం దాకా అన్నీ చెబుతారు. కొన్న తరువాత ఒకనాటి తెల్లవారుజామున అదే కారు కదలనని మొండికేస్తే ఏమి చేయాలో చెప్పేవారు మాత్రం కనబడరు. మన పత్రిక చదివే కుటుంబాలలో ఇప్పుడు చాలామందికి చిన్నదో పెద్దదో ఒక కారు ఉన్నది. వారికి పనికివస్తుందేమోనని ఆ సంగతిని గురించి నాకు తెలిసినంత వ్రాస్తున్నాను. నేను ఇంజనీరును కాను. మెట్రిక్‌తో చదువు ముగించి, ఛత్రపురంలో ఒక కచేరీలో లెక్కల కాగితాలు వ్రాసుకొనే గుమాస్తాను. అంకె కనబడితే దానిని కూడి, తీసివేసి చూడడం నా వృత్తి. ఈ వ్యాసంలో ఉన్న విద్య కూడా అంతే.

మా నివాసం బరంపురం. గంజాం జిల్లా 1936లో ఒరిస్సా రాష్ట్రంలో చేరడానికి ముందు నుంచీ మా వాళ్ళు ఉన్న వీధిలోనే మేమూ ఉన్నాము. ఇంట్లో తెలుగు, కచేరీలో ఒడియా, వీధిలో రెండూను. నేను రోజూ ఆఫీసుకు బస్సులో పోయి వస్తాను. 2022లో కొన్న సెకండుహాండు చిన్న కారు వారం పొడుగునా వాకిట్లో నిలబడి ఉంటుంది. ఎప్పుడైనా ఆదివారం గోపాలపురం సముద్రానికి, పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ ఇచ్ఛాపురమో పలాసో పోవడానికి, మా అమ్మను డాక్టరు దగ్గరకు తీసుకొనిపోవడానికి తప్ప దానికి వేరే పని లేదు. నా వంటివారు కారు కొనేది రోజూ తిరగడానికి కాదు, అవసరం వచ్చినప్పుడు ఉండాలని. చిక్కంతా అక్కడే ఉన్నది. తిరిగే కారు కంటే నిలబడ్డ కారుకే జబ్బు ఎక్కువ.

ఎందుకో లెక్క చెబుతాను. కారుకు తాళం వేసి మనం ఇంట్లోకి వచ్చి పడుకున్నా, దానిలో కొన్ని వస్తువులు మేలుకొనే ఉంటాయి. గడియారం, దొంగలను కనిపెట్టే అలారం, తాళంచెవిని గుర్తుపట్టే యంత్రం, ఇవన్నీ కలిసి 30 మొదలు 50 మిల్లీ ఆంపియర్ల వరకు కరెంటు త్రాగుతూ ఉంటాయి. ఇది లోపం కాదు, మామూలే. చీమ త్రాగినంత. కాని ఈ చీమ రాత్రింబగళ్ళు త్రాగుతుంది. 50 మిల్లీ ఆంపియర్ల చొప్పున 24 గంటలకు 1.2 ఆంపియర్-అవర్లు ఖర్చు. చిన్న కారు బాటరీలో నిండుగా ఉన్నప్పుడు ఉండేది సుమారు 35. మూడు వారాలు బండి కదలకపోతే అందులో 25 పోయి 10 మిగులుతుంది. ఆ పదితో లోపల దీపం వెలుగుతుంది, హారను కూడా మూలగవచ్చు, ఇంజను మాత్రం తిరగదు. సెల్ఫు కొట్టినప్పుడు స్టార్టరు మోటారు ఒక్క గుక్కలో నూరు, నూటయాభై ఆంపియర్లు లాగుతుంది మరి! పైగా మన తూర్పు తీరంలో ఎండలకు బాటరీ లోపల నుంచి అరుగుతుంది, ఉప్పుగాలికి టెర్మినళ్ళు పైనుంచి పొక్కుతాయి. మూడు నాలుగేళ్ళు వాడిన బాటరీ మీద 35 అని వ్రాసి ఉన్నా, లోపల అంత ఉండదు.

పూర్వం ఈ బాధ లేదు, వేరొక బాధ ఉండేది. ఇంజనును చేత్తో తిప్పవలసి వచ్చేది. చార్లెస్ కెటరింగ్ అనే అమెరికా ఇంజనీరు రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టరును కాడిలాక్ వారు 1912 కార్లకు అమర్చిన తరువాతనే ఆ తిప్పలు క్రమంగా తగ్గినవి. అయినా మన దేశంలో అంబాసిడరు కారుకు ఇనుప హాండిలు చాలా కాలం తోడుగా వచ్చేది. నా చిన్నతనంలో టాక్సీ డ్రైవరు ముందు బంపరు సందులో ఆ హాండిలు దూర్చి తిప్పుతుంటే పిల్లలమందరం చుట్టూ మూగేవాళ్ళము. ఇంజను ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. హాండిలు లేనప్పుడు తోపుడు. వీధిలో నలుగురు చెయ్యి వేస్తే చాలు, రెండో గేరులో వేసి క్లచ్చి వదిలితే బండి దగ్గి దగ్గి లేచేది. ఇప్పటి కార్లకు హాండిలు దూర్చే సందు లేదు. క్లచ్చి లేని ఆటోమాటిక్ కార్లు ఎక్కువైనవి, వాటిని ఊరంతా కలిసి తోసినా స్టార్టు కావు.

ఈ సంగతి మా వీధికి తెలిసిన రాత్రి ఒకటి ఉన్నది. 2021 డిసెంబరు మాట, అప్పటికి నాకు కారు లేదు. మా ఎదురింటి పెద్దాయనను మేము మౌసా అంటాము. ఒడియాలో మౌసా అంటే పిన్ని మగడు. రక్తసంబంధం కాదు, మూడు తరాల ఎదురిల్లు. వారి అబ్బాయి పూనాలో ఉద్యోగం చేస్తూ, తన ఆటోమాటిక్ కారును ఇక్కడ తల్లిదండ్రుల కోసమని ఉంచి వెళ్ళాడు. రాత్రి 2 గంటలకు మౌసీకి ఊపిరి అందలేదు. కేకలు విని మేమంతా లేచి వెళ్ళేసరికి మౌసా కారులో కూర్చుని మీట నొక్కుతున్నారు. టిక్ టిక్ టిక్ అనడం తప్ప దానికి మరో మాట లేదు. ఆరుగురం తోద్దామని చేతులు వేశాము. మా వీధి ఎలక్ట్రీషియను కుర్రవాడు వచ్చి, “దీనికి క్లచ్చి లేదండీ, తోసి లాభం లేదు” అన్నాడు. అంబులెన్సుకు ఫోను చేస్తే దూరాన ఉన్నదన్నారు. చివరకు బస్‌స్టాండు దగ్గర నుంచి ఆటో తెచ్చేసరికి 40 నిమిషాలు పట్టింది. ఆ 40 నిమిషాలూ మౌసా స్టీరింగు పట్టుకొని అలాగే కూర్చున్నారు. దిగమంటే దిగలేదు. మౌసీ తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి, భగవంతుడి దయ వల్ల ఇంటికి వచ్చింది. కాని ఆయన కూర్చున్న తీరు నా కళ్ళ ముందు నుంచి పోలేదు. మరుసటి ఏడు నేను కారు కొన్నప్పుడు, సీటు కవర్లకు ముందు కొన్నది జంప్ స్టార్టరు అనే చిన్న పెట్టెను.

ఈ పెట్టె అంటే ఏమిటి? రెండు పిడికిళ్ళు కలిపినంత ఉంటుంది. లోపల లిథియం సెల్లులు, బయట ఎర్రది ఒకటి నల్లది ఒకటి గట్టి క్లిప్పులు. మన బాటరీ చేయలేని ఆ ఒక్క గుక్క పనిని ఇది చేసిపెడుతుంది. రెండు కార్ల మధ్య తీగలు వేసి స్టార్టు చేయడం డ్రైవర్లందరికీ తెలిసినదే. దానికి రెండో కారు కావాలి, పక్కకు వచ్చి నిలబడే చోటు కావాలి, అర్ధరాత్రి ఇంకొకరిని లేపాలి. ఈ పెట్టెకు అవేమీ అక్కరలేదు. సీసపు బాటరీతో పాత రకం పెట్టెలు కూడా దొరుకుతాయి గాని, అవి మోయడానికి ఒక మనిషి కావాలి. సెల్లులు లేకుండా కెపాసిటర్లతో పనిచేసే రకం మరొకటి ఉన్నది. అది నీరసించిన బాటరీలో మిగిలినదానినే కొద్దికొద్దిగా పోగుచేసుకొని ఒక్కసారిగా వదులుతుంది. ఏళ్ళ తరబడి చెడదు గాని, ఖరీదు ఎక్కువ. మన వంటివారికి లిథియం రకం చాలును.

ఎన్నుకోవడంలో అసలు జాగ్రత్త అట్టపెట్టె మీది అంకెల దగ్గర ఉండాలి. మొదటి అంకె 12,000 ఎం.ఏ.హెచ్. అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఇది ఒక్కొక్క సెల్లు 3.7 వోల్టుల దగ్గర వేసిన లెక్క. 12ను 3.7తో హెచ్చవేస్తే 44.4 వాట్-అవర్లు. దానిని కారుకు కావలసిన 12 వోల్టులతో భాగిస్తే వచ్చేది 3.7 ఆంపియర్-అవర్లు. అంటే పన్నెండు వేలన్నది కారు దగ్గరకు వచ్చేసరికి మూడు వేల ఏడువందలు. అయ్యో, మోసమా అనుకోకండి. కారును లేపడానికి అది చాలా ఎక్కువ. 150 ఆంపియర్లు 3 సెకండ్లు వాడితే అయ్యే ఖర్చు ఒక ఆంపియర్-అవరులో ఎనిమిదో వంతు మాత్రమే. కుండలో నీళ్ళు ఎన్ని ఉన్నవన్నది కాదు ఇక్కడ ప్రశ్న, కుండ మూతి ఎంత వెడల్పన్నది.

మూతి వెడల్పు చెప్పేది రెండో అంకె, ఆంపియర్లు. ఇక్కడనే ఎక్కువ మాయ ఉన్నది. 1,000 పీక్ ఆంపియర్లు అని వ్రాస్తారు. పీక్ అంటే కన్ను మూసి తెరిచే లోపల ఒక్క మెరుపు. ఇంజను తిరిగే ఆ మూడు నాలుగు సెకండ్లూ నిలబడి ఇచ్చే కరెంటు వేరు, దానిని స్టార్టింగ్ కరెంటు అని చిన్న అక్షరాలతో వేస్తారు. అది పీకులో సగమో, అంతకంటే తక్కువో ఉంటుంది. ఆ చిన్న అక్షరాలు అసలే లేకపోతే ఆ పెట్టెను బల్ల మీద తిరిగి పెట్టివేయడం మంచిది. నేను పెట్టుకున్న లెక్క ఇది: 1.2 లీటర్ల లోపు పెట్రోలు కారుకు స్టార్టింగ్ కరెంటు 200 ఆంపియర్లు ఉండాలి, 2 లీటర్ల డీజిలు బండికి 400 పైన ఉండాలి. డీజిలు ఇంజను గాలిని పెట్రోలు ఇంజను కంటే ఎంతో ఎక్కువగా అదుముతుంది గనుక, దానిని తిప్పడానికి బలం కూడా ఎక్కువ కావాలి.

మూడోది క్లిప్పుల దగ్గర ఉండే చిన్న డబ్బీ. ప్లస్సును మైనస్సుకు తగిలించినా, రెండు క్లిప్పులు ఒకదానికొకటి తగిలినా కరెంటు పోకుండా ఆపేది అదే. అది లేని పెట్టెను ఎంత చవుకగా ఇచ్చినా తీసుకోవద్దు. చీకట్లో, కంగారులో, వర్షంలో వాడే వస్తువుకు ఆ కాపలా ఉండి తీరాలి. నాలుగోది సెల్లుల నాణ్యత. లిథియం సెల్లులకు మన దేశంలో ఐ.ఎస్. 16046 అనే ప్రమాణం ఉన్నది. పెట్టె మీద బి.ఐ.ఎస్. గుర్తు, తయారైన నెల, గారంటీ కాగితం మీద దుకాణం ముద్ర చూసుకోవాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే కొంచెం బరువు గాని, వేడికి బాగా ఓర్చుకుంటుంది. మంచి పెట్టెకు కొన్ని వేల రూపాయలవుతాయి. ఆసుపత్రికి పోవలసిన రాత్రి ఒక్కటి తప్పించినా ఆ ఖర్చు తీరినట్లే.

ఇక వాడడం. పెట్టె తీసే ముందు చెవి పెట్టి వినాలి. మీట తిప్పితే టిక్ టిక్ మని వరుసగా చప్పుడై దీపాలు మసకబారితే బాటరీ దిగిపోయినదన్న మాట, పెట్టె పనికివస్తుంది. దీపాలు దివ్యంగా వెలుగుతూ ఒక్క టక్కుమనే చప్పుడే వస్తే స్టార్టరులోనో, వదులైన టెర్మినల్‌లోనో లోపం ఉండవచ్చును. ఇంజను గిరగిరా తిరుగుతూ అందుకోకపోతే అది పెట్రోలు సంగతో, మరొకటో. ఈ పెట్టె ఆ రోగానికి మందు కాదు.

బాటరీయే అని తేలితే ముందుగా లైట్లు, ఏ.సి., ఫాను, రేడియో అన్నీ ఆపి, హాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టాలి. ఆటోమాటిక్ అయితే పార్కులో పెట్టాలి. తీగను పెట్టెకు గుచ్చాలి. ఎర్ర క్లిప్పు బాటరీ ప్లస్ గుర్తుకు, తరువాత నల్ల క్లిప్పు ఇంజను మీద రంగు లేని గట్టి ఇనుము ఏదైనా ఉంటే దానికి, బాటరీకి ఎడంగా, పట్టించాలి. ఎడంగా ఎందుకంటే బాటరీ నుంచి మండే హైడ్రోజను వాయువు వస్తూ ఉంటుంది, నిప్పురవ్వ దాని దగ్గర పడకూడదు. కొత్త కార్లలో మైనస్ టెర్మినల్ మీద కరెంటు కొలిచే చిన్న యంత్రం కూడా ఉంటుంది, దానిని తప్పించడానికీ ఇదే మంచి పద్ధతి. డబ్బీలో పచ్చదీపం వెలిగిన తరువాత అరనిమిషం ఆగి, సెల్ఫు కొట్టాలి. 3 సెకండ్లు, మహా అయితే 5. అందుకోకపోతే ఒక నిమిషం ఆగి మళ్ళీ. మూడుసార్లకూ లేవకపోతే పెట్టెను వేధించవద్దు. లేచిన వెంటనే ముందు నల్లది, తరువాత ఎర్రది తీసివేయాలి.

ఇందులో రెండు నిషేధాలు ఉన్నవి. బాటరీ పగిలి ఉన్నా, ఉబ్బి ఉన్నా, కారుతున్నా దాని జోలికి పోకూడదు. బూస్టు అనే మీట ఒకటి కొన్ని పెట్టెలకు ఉంటుంది. బాటరీలో బొత్తిగా ప్రాణం లేక పెట్టె దానిని గుర్తుపట్టనప్పుడు వాడేది. ఆ మీట నొక్కితే కాపలాదారును ఇంటికి పంపినట్లే గనుక, ప్లస్సూ మైనస్సూ రెండుసార్లు చూసుకోనిదే దానిని ముట్టవద్దు. హైబ్రిడ్ కార్లలో నారింజరంగు తీగలకు దూరంగా ఉండి, కారు పుస్తకంలో చెప్పినట్టే చేయాలి.

బండి లేచింది గదా అని వాకిట్లో రెండు నిమిషాలు ఆడించి ఆపివేయరాదు. కనీసం అరగంట రోడ్డు మీద తిప్పాలి. తరువాత నాలుగు వందల రూపాయల లోపు దొరికే మీటరుతో చూడాలి. రాత్రంతా నిలబడ్డ బాటరీలో 12.6 వోల్టులుంటే నిండుకుండ, 12.4 అంటే ముప్పాతిక, 12 అంటే దాదాపు ఖాళీ. ఇంజను తిరుగుతుండగా 14 చుట్టుపట్ల చూపాలి, లేకపోతే ఆల్టర్నేటరును చూపించుకోవాలి. టెర్మినల్ మీద తెల్లని పొడి కట్టి ఉంటే, తీగలు విప్పించి వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, ఆరిన తరువాత వాజలిన్ పూయాలి. ఒక్క నెలలో మూడుసార్లు పెట్టె అవసరమైతే పెట్టెను మెచ్చుకోవడం మాని కొత్త బాటరీ కొనాలి.

పెట్టెను ఎక్కడ ఉంచాలన్నది మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. కారుకు సంబంధించినది గనుక కారులోనే ఉండాలని మా బావగారు. మండు వేసవిలో తలుపులు మూసిన కారులో వేడి 60 డిగ్రీలు దాటుతుంది, లిథియం సెల్లులకు అది పనికిరాదని నేను. చివరకు మా ఇంటిలో దేవుడి గది పక్క అలమరలో దానికి చోటు దొరికింది. ప్రయాణాలకు మాత్రం వెంట వస్తుంది. మూడు నెలలకొకసారి చార్జి చేయమని పుస్తకంలో ఉన్నది. నేను ప్రతినెలా మొదటి ఆదివారం చూసి, తేదీ వేసి, అలమర తలుపు లోపల అంటించిన కాగితం మీద సంతకం పెడతాను. కచేరీ అలవాటు. మా ఆవిడ నవ్వింది గాని, నేను ఊళ్ళో లేని నెలలో ఆ గడిలో తన సంతకం ఉన్నది.

దీనితో ఫోను కూడా చార్జి చేసుకోవచ్చును. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక మేము పడిన అవస్థ తెలిసినవారికి ఇది పెద్ద వరమే. అయితే పిల్లల ఫోనులకు త్రాగించి పెట్టెను ఎండబెడితే కారుకు ఏమీ మిగలదు. సగం కంటే తగ్గనివ్వమని మా ఇంటి శాసనం.

అన్నిటికంటే కష్టమైనది ఎరువివ్వడం. వీధిలో ఒకరి కారు లేపినామంటే మిగిలినవారు రాక మానరు. “ఇస్త్రీపెట్టె, నిచ్చెన ఇచ్చినట్టు దీన్నీ ఇస్తూ పోతే మనకు కావలసిననాడు ఏ ఇంట్లో ఉంటుందో ఎవరికి తెలుసు?” అన్నది మా ఆవిడ. ఆ మాటలో న్యాయం ఉన్నది. వద్దనడం నా వల్ల కాదు. అందుచేత ఒక పద్ధతి పెట్టుకున్నాము: పెట్టె ఒంటరిగా పోదు, నేనో, మా పెద్దవాడో వెంట పోతాము. క్లిప్పులు మేమే పట్టిస్తాము, పని కాగానే పెట్టెతో తిరిగివస్తాము. ఇప్పటికి వీధిలో ఐదు కార్లను లేపింది. మౌసా కారును రెండుసార్లు. ఆయన మాత్రం మూడోసారి రానివ్వలేదు. కొత్త బాటరీ వేయించి, ప్రతి గురువారం మౌసీని పక్కన కూర్చోబెట్టుకొని అరగంట ఊరు చుట్టి వస్తున్నారు.

లేదని చెప్పవలసిన సందర్భాలు కూడా వస్తాయి. ఒక జనవరిలో దారింగబాడి కొండకు వెళ్ళాము. అక్కడ తెల్లవారుజామున చలికి నీళ్ళు ముట్టుకోలేము. బాటరీ బలం కూడా చలికి తగ్గుతుంది. మా పక్క గదిలో దిగిన విజయనగరం కుటుంబం వారి పెద్ద డీజిలు బండి లేవలేదు. తెలుగువాళ్ళమని తెలిసి ఆశగా వచ్చారు. మా పెట్టె చిన్నకారుది, మీ బండికి చాలదని చెప్పాను. ఇవ్వడం ఇష్టం లేక అంటున్నానని వారి పెద్దావిడ ముఖంలో కనబడింది. సరేనని వారి ముందే ఒకసారి పట్టించాము. ఇంజను ఒక్క మూలుగు మూలిగింది, డబ్బీ కీచుమని కరెంటు ఆపివేసింది. ఎండ వచ్చిన తరువాత టూరిస్టు బస్సు డ్రైవరు ఒకాయన లావుపాటి తీగలు తెచ్చి లేపాడు. వెళ్ళేటప్పుడు ఆ పెద్దావిడ, “ఏమీ అనుకోకు నాయనా” అని మా పిల్లల చేతిలో జంతికల పొట్లం పెట్టింది. అంకెలు చదవడం నేర్చుకోవడం వల్ల ఇంకొకరికి ఎంత సాయం చేయగలమో, ఎంత చేయలేమో కూడా తెలుస్తుంది. చేయలేనిది ముందుగా చెప్పడం కూడా సాయమే.

చదువరులకు నా మనవి ఒక్కటే. పెట్టె కొన్నా, కొనకపోయినా, నిలబడ్డ కారును వారానికొకసారి అరగంట తిప్పండి. కొన్నవారు దానిని చార్జితో ఉంచండి. ఖాళీ పెట్టె ఇటుకతో సమానం. సెల్లులు ఉబ్బితే చెత్తకుండీలో పారవేయక, 2022 బాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తిరిగి తీసుకొనేవారికి అప్పగించండి. మీ వీధిలో పెద్దవాళ్ళు ఇద్దరే ఉండి, పిల్లల కారు వాకిట్లో దుమ్ము పట్టి ఉన్న ఇల్లు ఏదైనా ఉంటే, ఈ ఆదివారం మీటరు తీసుకొని ఒకసారి వారి తలుపు తట్టండి.